శుభలేఖలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

శ్రావణం ముహూర్తాలకు మా దగ్గర శుభలేఖలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్‌లు ఇచ్చినవారందరికీ నమస్కారం. పోయిన వారం ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ "సర్వర్ ప్రాబ్లమ్ అండి, రేపు చూద్దాం" అనే చెప్పాం. నాలుగో రోజుకి ఆ మాట అనడానికి మాకే సిగ్గేసింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీ ఫోటోలు, డిజైన్‌లు ఏవీ పోలేదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

మా పాలకొల్లు షాపులో మెట్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. 2013లో పెట్టాం. అందరి ఫైళ్లూ అందులోనే, మేం సర్వర్ అనేది దాన్నే. మా కుర్రాళ్లు వాళ్ల విండోస్ కంప్యూటర్ల నుంచి సాంబా అనే సాఫ్ట్‌వేర్ ద్వారా వాటిని తెరుస్తారు. అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, సెంటోస్ 6 అనే రకం. దానికి అప్‌డేట్‌లు 2020 నవంబరులోనే ఆగిపోయాయి. నాకు తెలుసు. నడుస్తోంది కదా అని ఊరుకున్నాను. ఫ్లెక్సీ మెషిన్‌కి అడిగినప్పుడల్లా డబ్బు పెట్టాను గానీ దీని మొహం చూడలేదు.

ఈ మధ్య రెండు విండోస్ 11 కంప్యూటర్లు కొన్నాం. వాటి నుంచి పాత సర్వర్ తెరుచుకోలేదు. మా సాంబా ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది, విండోస్ ఇప్పుడు దాన్ని తనంతట తాను ఇన్‌స్టాల్ చేయదు. 2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది అందులోని లొసుగు పట్టుకునే. దాన్ని మళ్లీ ఆన్ చేయడానికి మనసొప్పలేదు. డిస్క్ ఊడదీసి, అల్మాలినక్స్ 9 అనే కొత్త లినక్స్ వేసిన వేరే కంప్యూటర్‌లో బిగించాం. కాపీ తీయకుండా. గంటలో అయిపోతుందనుకున్నాం మరి.

సాంబా పంచే ఫోల్డర్ పేరు కనబడింది. లోపలికి వెళ్లబోతే "యాక్సెస్ డినైడ్".

లినక్స్ ఫైలు మీద యజమాని పేరు ఉండదు, అంకె ఉంటుంది. సెంటోస్ 6లో మామూలు యూజర్ల అంకెలు 500 నుంచి మొదలవుతాయి, కొత్తదాంట్లో 1000 నుంచి. అక్కడ 501గా ఉన్న మా డిజైనర్ ఇక్కడ 1001 అయ్యాడు. ఫైళ్ల జాబితా తీస్తే పేరుండాల్సిన చోట 501 అని ఉత్త అంకె. సర్వే నంబరు ఉండి పట్టాదారు పేరు లేని అడంగల్ చూసినట్టుంది.

అక్కడ ఆగి, అంకెలు సరిచేసుకుంటే సరిపోయేది. నేను కంగారులో అన్నిటికీ సీహెచ్‌మోడ్ 777 అనే పర్మిషన్లు మార్చే కమాండ్ కొట్టేశాను. అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, చెరపొచ్చు. దాంతో ఏ ఫోల్డర్‌లో ఎవరు ఏం చేయొచ్చన్న పాత లెక్క మొత్తం చెరిగిపోయింది. అయినా తెరుచుకోలేదు! కాలువకి లాకు ఎత్తినా బోదె మీద తూము మూసి ఉంటే శివారు చేలోకి చుక్క రాదు కదా, అలాంటిదే ఇదీ. సాంబా సెట్టింగ్ ఒప్పుకోవాలి, ఫైలు పర్మిషన్ ఒప్పుకోవాలి, ఆపైన సెలినక్స్ అనే కాపలాదారు కూడా ఒప్పుకోవాలి. మా పాత డిస్క్ మీద ఆ కాపలాదారు గుర్తుపట్టే లేబుల్ లేదు. దాన్ని ఆపేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆపలేదు. అది దేన్ని అడ్డుకుందో రాసిపెట్టే ఆడిట్ లాగ్ చూసి, సెమేనేజ్, రీస్టోర్‌కాన్ కమాండ్లతో ఆ ఫోల్డర్‌కి సాంబా లేబుల్ వేశాం, తెరుచుకుంది.

తెరుచుకోగానే 777 తన ప్రతాపం చూపించింది. ఒక కుర్రాడి మౌస్ జారి ఒకరి పెళ్లి ఫోటోల ఫోల్డర్ ఇంకొకరి ఫోల్డర్‌లో పడింది. దొరికింది లెండి. కానీ ఒకటిన్నర రోజు షాపులో లాగిన్ ఉన్న ఎవరైనా ఎవరి ఫైలైనా తెరవగలిగే పరిస్థితి. అది మీకు చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు డిజైన్ వాళ్లందరినీ ఒక గ్రూపులో పెట్టి ఫోల్డర్లకి 2775 అనే పర్మిషన్ ఇచ్చాం. ముందున్న ఆ 2 వల్ల లోపల కొత్తగా పుట్టే ఫైలు కూడా గ్రూపుకే చెందుతుంది. సాంబాలో కొత్త ఫైళ్ల పర్మిషన్ నిర్ణయించే క్రియేట్ మాస్క్‌ని 0664గా పెట్టాం. అది లేనప్పుడు ఒకరు సేవ్ చేసింది ఇంకొకరు చదవగలిగేవారు, దిద్దలేకపోయేవారు. బిల్లుల ఫోల్డర్ నాకొక్కడికే.

అసలు నష్టం వేరే చోట జరిగింది. సర్వర్ తెరుచుకోని రోజుల్లో కుర్రాళ్లు తమ డెస్క్‌టాప్ మీద కాపీలు పెట్టుకుని పని చేశారు. నరసాపురం వారి శుభలేఖలో "తెల్లవారితే ఆదివారం" అని దిద్దిన ప్రూఫ్ డెస్క్‌టాప్‌లో ఉండిపోయింది, సర్వర్‌లో ఉన్న "తెల్లవారితే శనివారం" ప్రింటుకెళ్లింది. 300 కార్డులు. మళ్లీ వేసి నేనే బండి మీద పట్టుకెళ్లి ఇచ్చాను. ఆ పెద్దాయన నన్నేమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

కాబట్టి పోయిన సోమవారం నుంచి శనివారం లోపు ప్రూఫ్ ఓకే చేసినవారికి దాన్ని మళ్లీ వాట్సాప్‌లో పంపుతున్నాం. తేదీ, వారం, ముహూర్తం, కల్యాణ మండపం పేరు ఇంకోసారి చూసి "సరే" అని పెట్టండి, అప్పుడే ప్రింటుకి పంపుతాం. శుభలేఖలు గురువారానికి ఇచ్చేస్తాం, ఆల్బమ్‌లకి ఇంకో పది రోజులు పడుతుంది. అన్ని రోజులు ఆగలేనివారికి అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం. ఈ ఆదివారం కూడా రాత్రి 9 దాకా షాపు తెరిచే ఉంటుంది.