నీడ మాయమయ్యే మధ్యాహ్నం

సంపాదకులకు నమస్కారం.

ఎండల వార్తలు రోజూ వేస్తున్నారు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడను మింగేసే రోజుల గురించి మాత్రం ఏ మూలో రెండు ముక్కలు! హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, పన్నెండు దాటిన కాసేపటికి. మొన్న మేలో డాబా మీద రోకలి నిలబెట్టాం. నీడ కుదించుకుపోయి పొన్ను కిందికి దూరింది. పిల్లలు ఫోటో తీసుకుని దిగిపోయారు. రిటైరైన పక్కింటి మాస్టారు మాత్రం కాళ్లు కాలుతున్నా "నా నీడేదండీ?" అంటూ గిరగిరా తిరిగారు. పెద్దవాళ్లకే ఈ సరదా ఎక్కువ అవసరమేమో. తిరుపతిలో ఏప్రిల్ ఆఖరుకే, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో వస్తుంది. జిల్లాలవారీగా తేదీ, సమయం ముందురోజే మొదటి పేజీలో వేయండి.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్