శాలువాలు తగ్గించాం, ఫైళ్లు కట్టాం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు పనుల సంగతి ముందే ముగిస్తాను. వీధి దీపాలు, కాలువల పూడికతీత, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉంది. మిగిలిన చోటంతా మన చుట్టుపక్కల విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), జిల్లా పరిషత్తు బడుల ఉపాధ్యాయులకే కేటాయిస్తున్నాను. ఈ ఏడాది కార్యవర్గ సమావేశాలు ఎక్కువగా వాళ్ల గురించే సాగాయి, కొన్నిసార్లు కాస్త వేడిగా కూడా.

సెప్టెంబరు 5న గురుపూజోత్సవం జరపలేదని కొందరికి కినుక ఉంది. ఆ వారం బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీట మునిగి ఉన్నాయి. దండలకూ శాలువాలకూ పోగైన చందాలను వరద సహాయానికి పంపి, సభను డిసెంబరుకు వాయిదా వేశాం. 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్న ఆ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వాల్తేరులో పనిచేసిన మనిషి కనుక, ఆ తేదీ అంటే మన ఊళ్లో పట్టింపు కాస్త ఎక్కువే. అయినా అలాంటి సమయంలో మేళతాళాలు వద్దనే ఆయనా అనేవారని నా నమ్మకం.

డిసెంబరు సభలో అసలు చర్చ లేవదీసింది మన సభ్యులే అయిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. "అవార్డుకు దరఖాస్తు పెట్టుకోవడమేమిటండీ? అడిగి పుచ్చుకునేది గౌరవమెలా అవుతుంది?" అని నిలదీశారు. ఆయన కోపం వెనుక ఒక మార్పు ఉంది. జాతీయ ఉపాధ్యాయ పురస్కారం 1958లో మొదలైంది. మొదట్లో పేర్లు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా వెళ్లేవి. 2018 నుంచి ఉపాధ్యాయులే ఆన్‌లైన్‌లో తమ పేరు ప్రతిపాదించుకోవాలి. కనీసం పదేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలి, ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. జిల్లా కమిటీ వడపోసిన పేర్లు రాష్ట్రానికి, అక్కడినుంచి ఢిల్లీలోని జ్యూరీకి వెళతాయి. దక్కేది ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు. 2024లో దేశం మొత్తం మీద పాఠశాల విద్య నుంచి ఎంపికైనవారు 50 మంది. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా మూడుగా విడిపోవడంతో పాడేరు, అరకు కొండల మీద ఏకోపాధ్యాయ బడులు నడిపేవారు నగరం వారితో ఒకే జిల్లా జాబితాలో పోటీ పడే పరిస్థితి తప్పింది. ఈ ఒక్క విషయంలో విభజన మేలే చేసిందంటాను.

మాస్టారి వాదనకు గిడుగు రామమూర్తిగారే పెద్ద అండ. 1880లో పర్లాకిమిడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఆయన సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. రావు సాహెబ్ బిరుదు 1913లో దానంతటదే వచ్చింది, ఆయన ఏ ఫారమూ నింపలేదు.

అవతలి పక్షం రంజిత్‌సింహ్ దిసాలేను ముందుకు తెచ్చింది. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా పరితేవాడి అనే పల్లెలో, జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు చేర్చి, పాటలూ వీడియో పాఠాలూ పిల్లలకు అందేలా చేశారు. 2020లో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వస్తే, అందులో సగం తనతోపాటు తుదిదశకు చేరిన తొమ్మిది మందికి పంచేశారు. అంత పెద్ద మనసున్నవారు కూడా తన పనిని చూపించుకోవడానికి మొహమాటపడలేదు కదా అని యువ సభ్యుల ప్రశ్న.

నా మట్టుకు నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అయితే మంచి ఉపాధ్యాయులు మొహమాటంతో ఊరుకుంటే, మంచి కెమెరా ఉన్నవారికే పురస్కారం దక్కుతుంది. అందుకే శాలువాల పద్దును కుదించి, ఆ సొమ్ముతో ఉపాధ్యాయుల పనిని నమోదు చేయాలని తీర్మానించాం. దరఖాస్తు వాళ్ల పేరు మీదే ఉంటుంది, రాసిపెట్టే శ్రమ మనది.

పని మొదలుపెట్టాక తెలిసింది, మన టీచర్ల దగ్గర కాగితమన్నదే లేదని. ఒక గణితం టీచరుగారు ఏళ్ల తరబడి బడి వేళకు ముందే ఎనిమిదో తరగతి పిల్లలను జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షకు సిద్ధం చేస్తున్నారు. అందులో నెగ్గిన పేద పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఎంతమందికి వచ్చిందండీ అంటే, "గుర్తులేదండీ, వాళ్ల అమ్మలను అడగాలి" అన్నారు. బ్యాంకుల్లో పనిచేసి రిటైరైన మన సభ్యులిద్దరు పాత రిజిస్టర్లు తిరగేసి, తల్లులకు ఫోన్లు చేసి జాబితా కట్టారు. ఒక సైన్సు మాస్టారు అట్టపెట్టెలతో చేసిన బోధనోపకరణాలు బదిలీ అయిన ప్రతి బడిలోనూ ఉన్నాయి, ఫొటో ఒక్కటీ లేదు. వాటిని ఫొటోలు తీయించాం. పదోన్నతుల తేదీలన్నీ సర్వీసు రిజిస్టరులో దొరికాయి గానీ, పాఠం ఎలా చెప్పారో అందులో ఎక్కడా ఉండదు.

ఫైళ్లలో తెలుగు దిద్దే పనికి, ఆశ్చర్యం, ఆ విశ్రాంత ప్రధానోపాధ్యాయులే ముందుకొచ్చారు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదట, తప్పులు చూస్తూ ఊరుకోలేక ఒప్పుకున్నారట.

గత ఏడాది దరఖాస్తులు జూన్ చివర మొదలై జూలైలోనే ముగిశాయి. ఈసారీ అంతే గడువు ఉంటుందనుకుని మే నెలాఖరుకల్లా ఫైళ్లు పూర్తి చేయాలి. తెలుగు టైపింగ్, వీడియో ఎడిటింగ్ వచ్చిన సభ్యులు ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి