సూరీ తీరంలో సీసా పెంకులు

షార్లట్‌టౌన్,
ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, కెనడా.

నాన్నకి,

మీ అమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. మంచు పూర్తిగా కరిగిపోయింది, రోడ్ల పక్కన ఎర్రమట్టి మళ్ళీ కనిపిస్తోంది. అమ్మని మోకాళ్ళ నొప్పుల మందులు మానకుండా వేసుకోమనండి. తమ్ముడు నా ఫోన్ ఎత్తడం లేదు, వాడిక్కూడా ఒక మాట చెప్పండి.

మొన్న వీడియో కాల్‌లో మా కిటికీ దగ్గరున్న జాడీ చూసి, "సీసా పెంకులు ఏరుకోవడానికి ఆ చలిలో అంత దూరం వెళ్ళడం దేనికమ్మా?" అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాలేదు. ఏళ్ళ తరబడి కొట్టు నడిపి, ఖాళీ సీసాల మధ్యే బతికిన మనిషి మీరు. వివరంగా రాస్తే మీకే బాగా తెలుస్తుందనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను ఎక్కువగా వెళ్ళేది సూరీ అనే ఊరికి. మా ఊరి నుంచి కారులో గంట, దీవికి తూర్పు వైపు. చిన్న చేపల రేవు, కొండ మీద 1880లో కట్టిన లైట్‌హౌస్, పక్క దీవులకు వెళ్ళే ఫెర్రీ, అంతే ఆ ఊరు. తీరం పొడవునా ఎర్ర రాతి గట్లు. రాతిలో ఇనుము ఉండటం వల్ల ఆ రంగు, మన భీమిలి దిబ్బల రంగే. ఆ గట్ల కింద, గులకరాళ్ళ మధ్య దొరుకుతాయి ఈ పెంకులు. సీ గ్లాస్ అంటారు.

అవి అక్కడికి ఎలా చేరాయంటే, వెనకటి రోజుల్లో ఇక్కడ చెత్తబండ్లు లేవు. పగిలిన సీసాలు, విరిగిన పళ్ళేలు, పాత పొయ్యిలు, పనికిరానిది ఏదైనా సరే, గట్టు మీంచి కిందికి తోసేసేవాళ్ళు. చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది కదా, కొందరు చెత్తంతా బండికెత్తి ఆ మంచు మీద పోసి వచ్చేవాళ్ళని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తారు. ఎండలు రాగానే మంచు కరిగి అదంతా మునిగిపోయేది. ఇక రేవులో ఆగే పడవల సంగతి సరేసరి. 19వ శతాబ్దంలో కానాగంత చేపల కోసం అమెరికా నుంచి తెరచాప ఓడలు గుంపులుగా వచ్చేవి. 1851 అక్టోబరులో పెద్ద తుపాను వచ్చి ఉత్తర తీరంలో ఆ ఓడలు బోలెడు బద్దలయ్యాయి, వందమందికి పైగా జాలర్లు పోయారు. యాంకీ గేల్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలా పడినదాన్ని సముద్రం ఊరికే వదలదు. గాజు అంటే ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కరిగించిందే. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో ఉండేసరికి పైపొరలోని సోడా, సున్నం కొద్దికొద్దిగా నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. కంటికి ఆనని గుంటలు పడతాయి. ఇంకోపక్క అలలు రాళ్ళ మీద దొర్లించి దొర్లించి అంచులు అరగదీస్తాయి. ఈ రెండూ జరిగితేనే ఆ మసక నునుపు వస్తుంది. ఎంత లేదన్నా ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది. బాగా గుండ్రంగా అరిగిన ముక్కల్లో వందేళ్ళ నాటివీ ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే దాని ఒంటినిండా నెలవంక ఆకారంలో సన్నటి గీతలు. రాయి తగిలిన దెబ్బలవి.

వెతకడానికి ఒక పద్ధతి ఉంది. మెత్తటి ఇసుకలో ఎంత తిరిగినా లాభం లేదు, గులకరాళ్ళు వరసగా పేరుకున్న చోటే చూడాలి. సముద్రం సైజును బట్టి సర్ది పెడుతుంది. బఠాణీ గింజంత రాళ్ళున్న చోట గాజూ అంతే ఉంటుంది, ఉసిరికాయంత రాళ్ళున్న చోట అంతంత ముక్కలు. నీళ్ళు బాగా వెనక్కి తీసే వేళకి వెళ్ళాలి. పొద్దు వాలేటప్పుడు వెలుగుకు ఎదురుగా నడిస్తే గాజులోంచి వెలుగు దూసుకొస్తుంది, రాళ్ళు మాత్రం నల్లగా ఉండిపోతాయి. చలికాలం వెళ్ళి మంచు విరిగాక, లేదా పెద్ద గాలివాన కొట్టిన మర్నాడు కొత్త సరుకు బయటపడుతుంది. ఇప్పుడు ఆ రోజులే, అందుకే చలిలోనైనా వెళ్తున్నాను.

అరగంట నడిచేసరికి డ్యూటీ రోస్టరు, ఇక్కడ స్థిరపడటానికి పెట్టుకున్న పీఆర్ ఫైలు టెన్షన్, ఇంటద్దె అన్నీ బుర్రలోంచి జారిపోతాయి. కళ్ళకి ఒక్కటే పని ఉంటుంది. పక్కన అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. దొరికినా దొరక్కపోయినా ఇంటికొచ్చాక ఒళ్ళెరగకుండా నిద్రపడుతుంది. ఇంకో సంగతి, నాన్నా. ఈ దీవికి వచ్చిన కొత్తలో దుకాణాల్లో, బస్సుల్లో అందరూ మర్యాదగా నవ్వేవాళ్ళు, అక్కడితో సరి. తీరంలో అలా కాదు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ ఏం దొరికిందని అడుగుతారు, మనవి చూస్తారు, వాళ్ళవి చూపిస్తారు. ముక్కూమొహం తెలియని మనిషి నా అరచేతిలో ముక్కని వేలితో కదిపి, ఇది ఫలానా సీసా అడుగు అని చెప్పి వెళ్తుంది. ఇక్కడివాళ్ళతో నాకు మాట కలిసింది మొదట అక్కడే.

అసలు విషయం మాత్రం నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే చోట జరిగింది. తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. పేరు రాయకూడదు, మా ఉద్యోగ నియమం. పలకరిస్తే తల ఊపడమే తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు ఆవిడ దుప్పటి సర్దుతుంటే నా యూనిఫాం జేబులోంచి ముదురు నీలం ముక్క మంచం మీద పడింది. సీసా మెడ దగ్గరి ముక్క అది. బయటివైపు మూత బిగించే మర గీతలు రెండు మిగిలి ఉన్నాయి, కంటికి సరిగా కనిపించవు గానీ వేలికి తగులుతాయి. ఆవిడ తీసుకుని చూపుడువేలితో ఆ మర మీద అటూ ఇటూ రాసింది. "మిల్క్ ఆఫ్ మెగ్నీషియా" అంది. ఇక ఆగలేదు. వాళ్ళ నాన్న బంగాళాదుంపల పొలం, ఇంటినిండా పిల్లలు, శనివారం రాత్రి అందరినీ వరసగా నిలబెట్టి కడుపు సాఫీ కావడానికి చెంచాతో ఆ తెల్ల మందు పట్టించే వాళ్ళమ్మ, వద్దని దొడ్లోకి పారిపోయే చిన్న తమ్ముడు. నేను టీ తెచ్చేదాకా చెబుతూనే ఉంది.

అప్పటినుంచి ఏరిన ముక్కలు ట్రేలో పోసి మా హాల్లో పెడుతున్నాను. తెలుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులు ఎక్కువ దొరుకుతాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ముదురు నీలం అయితే మందు సీసాలు, విక్స్ లాంటి బామ్ డబ్బాలు. ఎరుపు చాలా అరుదు, నాకింకా దొరకలేదు. లేత ఊదా ముక్కల కథ వేరే. అవి పుట్టుకతో తెల్లవే. ఇసుకలో ఇనుము ఉంటే గాజుకి పచ్చటి ఛాయ వస్తుంది, అది పోవడానికి పాతకాలంలో మాంగనీసు కలిపేవాళ్ళు. అలాంటి గాజు ఎండలో పడి ఉంటే కొన్నేళ్ళకి ఊదా రంగుకు తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ పద్ధతి దాదాపు పోయింది. అంటే ఆ ముక్క నా చేతికి వచ్చేసరికి దానికి నిండా నూరేళ్ళు.

ఒక తాతగారు మందు సీసాల ముక్కలు చూస్తే చాలు మద్యనిషేధం కథలు ఎత్తుకుంటారు. ఇక్కడ 1901లో మొదలైన నిషేధం 1948 దాకా సాగింది, కెనడాలో అందరికంటే చివర ఎత్తేసింది ఈ దీవే. డాక్టరు చీటీ రాసిస్తే మందు పేరుతో సారా కొనుక్కోవచ్చట. సముద్రం మీద దొంగ రమ్ము రవాణా వేరే. నెల్లీ జె. బ్యాంక్స్ అనే పడవ 1938లో పట్టుబడిందంటే ఇప్పటికీ ముసలివాళ్ళ కళ్ళు మెరుస్తాయి. 1995లో మన దగ్గర నిషేధం పెట్టినప్పటి సంగతులు మీ నోట విన్నవి నేనూ చెప్పాను. ఆయన చాలా ప్రశ్నలు వేశారు, కొన్నిటికి మీరే జవాబు చెప్పాలి.

మీకు నచ్చేది ఇంకోటి ఉంది. ఈ దీవిలో 1984 నుంచి 2008 దాకా కూల్‌డ్రింకులు టిన్నుల్లో, ప్లాస్టిక్ సీసాల్లో అమ్మడం చట్టరీత్యా కుదిరేది కాదు. కడిగి మళ్ళీ నింపే గాజు సీసాల్లోనే అమ్మాలి. ఖాళీది వెనక్కిస్తే డిపాజిట్ డబ్బులు. కెనడాలో మిగతాచోట్ల డబ్బాలు తాగి పారేస్తుంటే ఇక్కడివాళ్ళు మనలాగే క్రేట్లు మోసుకుంటూ తిరిగారు. సాయంత్రం మీరు ఖాళీలు లెక్కపెట్టి, మూతి చిట్లినవి విడిగా తీసి గోడ పక్కన నిలబెట్టేవారు కదా, అదంతా చెబితే ఒకాయన "మా నాన్నా అంతే" అన్నాడు. వాళ్ళదీ చిన్న కొట్టేనట.

మన గోలీ సోడా సీసా గురించి కూడా చెప్పాను. దాన్ని కనిపెట్టింది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన, 1870ల్లో. ఇంగ్లండ్ తీరాల్లో సీ గ్లాస్ ఏరేవాళ్ళకి ఆ సీసాల గోలీలు దొరుకుతుంటాయి, దొరికినవాళ్ళు అపురూపంగా దాచుకుంటారు. వాళ్ళు ఆ సీసా వాడటం ఎప్పుడో మానేశారు. మన సెంటర్లో ఇప్పటికీ టప్పుమని కొడుతూనే ఉన్నారంటే మా హాల్లో ఎవరూ నమ్మలేదు.

సముద్రం తీసుకున్నది తిరిగిస్తుందని మనకి ఒకరు చెప్పాలా? ఉప్పాడలో తుపాను వెళ్ళిన మర్నాడు జనం ఇసుక తవ్వుతూ బంగారం రేణువులు వెతుక్కోవడం మనం చూసిందే. నివర్ అప్పుడు, 2020లో, టీవీలవాళ్ళు కూడా వచ్చారు. కడలి మింగిన ఇళ్ళలోది, గుళ్ళలోది అని మనవాళ్ళు అంటారు. ఇక్కడ 2022 సెప్టెంబరు 24న ఫియోనా తుపాను వచ్చింది. ఉత్తర తీరంలో ఇసుక దిబ్బలు కోసుకుపోయాయి, ఎర్ర గట్లు విరిగి పడ్డాయి, ఎన్నో ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత తీరానికి వెళ్తే, ఎక్కడి నేల అక్కడ లేదు. గట్టు అంచున ఉన్న ఒక కంచె గాల్లో వేలాడుతోంది. ఆ రోజు గాజు బాగా దొరికిందని కొందరు సంబరపడ్డారు గానీ నాకు ఏరబుద్ధి కాలేదు. మన ఊళ్ళో ఏడాదికింత తీరం కోసుకుపోవడం చిన్నప్పటినుంచి చూసినదాన్ని, ఆ సంబరంలో కలవలేకపోయాను.

ఏరేవాళ్ళకి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఇంకా పదునున్న ముక్క, మెరుపు పోని ముక్క తియ్యరు, సముద్రానికే వదిలేస్తారు. నేషనల్ పార్కు తీరాల్లో రాయి, గవ్వ ఏదీ తీయకూడదు, నేను ఆ పక్కకి వెళ్ళను. ఇప్పుడు సీసాలు రీసైక్లింగుకి పోతున్నాయి, కొత్త గాజు నీళ్ళలో పడటం లేదు. అది మంచిదే. కానీ పాత సరుకు తరిగిపోతోందని అందరూ అంటున్నారు. దాంతో డ్రమ్ములో గరుకుపొడి వేసి తిప్పినవి, యాసిడ్‌లో ముంచి తీసినవి గొలుసులకీ దుద్దులకీ అమ్ముతున్నారు. ఫలానాలా చేశామని చెప్పి అమ్మితే తప్పు లేదు. సముద్రంలో దొరికిందని చెప్పి అమ్మడం పచ్చి మోసం. వాటి ఒంటి మీద నెలవంక గీతలుండవు, ఎవరి వేలి కిందా ఏ సీసా గుర్తుకు రాదు.

జులైలో మీరిద్దరూ వచ్చేసరికి ఎండలుంటాయి. నెలాఖరున సూరీలో సీ గ్లాస్ పండగ చేస్తారు, ఇళ్ళలో దాచుకున్నవన్నీ తెచ్చి చూపిస్తారు. అమ్మ గులకరాళ్ళ మీద నడవలేదు, లైట్‌హౌస్ దగ్గర బెంచీ మీద కూర్చోబెడదాం. షూస్ అక్కడ కొనకండి, ఇక్కడే తీసుకుందాం. మీ కళ్ళజోడు మాత్రం నంబరు చూపించుకుని కొత్తది చేయించుకోండి. అటక మీద గోలీ సోడా సీసా ఒక్కటైనా మిగిలి ఉంటే తీసుకురండి, మా హాల్లో వాళ్ళకి మీరే కొట్టి చూపిద్దురు గాని. పంచెల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో వద్దు, ఎయిర్‌పోర్టులో ఆపుతారు.

అమ్మకి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

మీ అమ్మాయి