బర్మా యుద్ధంలో పోయిన మన ఊరి సైనికుల స్మారక శిల – జమా ఖర్చుల వివరణ

గ్రామస్తులందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధానికి బర్మా వెళ్లి తిరిగిరాని మన ఊరి నలుగురి పేర్లతో బస్టాండు దగ్గర శిల నిలిపాం. లెక్క చెప్పడం ఆలస్యమైంది, అందుకు మాటలూ పడ్డాం.

జమ: ఊళ్లో చందాలు 1,12,400. బయట ఉద్యోగాలు చేసేవాళ్లు పంపింది 96,000. రిటైరైన జవాన్లు ఇచ్చింది 31,600. మొత్తం 2,40,000 రూపాయలు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ దండాలు.

ఖర్చు: దిమ్మె, సిమెంటు, మేస్త్రీ కూలి 74,200. గ్రిల్ 33,800. ఆవిష్కరణ నాడు టెంటు, మైకు, భోజనాలు 41,750. మొదటి రాయి 38,000. రెండో రాయి 46,500.

అందరూ అడిగేది ఈ రెండో రాయి గురించే. మొదటి దాని మీద ‘తౌక్యాన్ శ్మశానంలో సమాధి అయిన నలుగురు’ అని చెక్కించాం. యాంగూన్‌కు ఉత్తరాన ఉన్న ఆ సైనిక శ్మశానంలో 6,000 పైచిలుకు సమాధులున్నాయి. అయితే అక్కడే, సమాధి ఎక్కడుందో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు స్తంభాల మీద చెక్కిన రంగూన్ (యాంగూన్ పాత పేరు) స్మారకం కూడా ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డు తీసి చూస్తే మనవాళ్లలో ఇద్దరికే సమాధులున్నాయి. మిగతా ఇద్దరి పేర్లు ఆ స్తంభాల మీద ఉన్నాయి. ముందే చూసుకోవాల్సింది, తప్పు మాదే. కానీ లేని సమాధిని ఉందని రాతి మీద ఎలా ఉంచుతాం? అరగదీయించొచ్చుగా అన్నారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయి అది, అక్షరాల లోతు దాకా అరగదీస్తే మధ్యలో గుంట పడుతుందని చెక్కేవాళ్లే వద్దన్నారు. రేటు పెరిగింది, లారీ బాడుగ మళ్లీ కట్టాం, అందుకే 8,500 ఎక్కువైంది. పాత రాయి ఎవరింటి అరుగుకో చేరిందన్న మాట అబద్ధం. పంచాయతీ ఆఫీసు వెనక గోడకు ఆనించి ఉంది, వెళ్లి చూసుకోండి.

ఇంకో సంగతి. తమ తాత పేరు పైన, పెద్ద అక్షరాల్లో వేయమని ఒకరు అడిగారు. ఆఫీసరైనా సిపాయైనా ఒకటే మర్యాద అన్నది ఆ కమిషన్ పద్ధతి. మేమూ నాలుగు పేర్లూ ఒకే సైజులో వేయించాం. ఆయన రాసిన 25,000 ఇంతవరకూ రాలేదు. చిన్న చిన్న బాకీలు మరో తొమ్మిది మందివి ఉన్నాయి, పేర్లు రాయడం లేదు, వాళ్లకే తెలుసు.

మొత్తం ఖర్చు 2,34,250. చేతిలో నిల్వ 5,750. గ్రిల్‌కు రంగు వేయించాలి, దానికే ఉంచాం. రసీదులన్నీ ఆదివారం పొద్దున రామాలయం అరుగు మీద పెడతాం.