దసరా సెలవులకు ముందు, ఇంట్లో కుక్క గురించి ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఇంకో వారంలో దసరా సెలవులు. ప్రతి ఏడూ ఈ ఉత్తరంలో సెలవుల హోంవర్కు గురించి, బడి తెరిచే తేదీ గురించి రాసేదాన్ని. ఈసారి అవి పిల్లల డైరీల్లో రాయించాం, అక్కడ చూసుకోండి. ఈ పేజీ అంతా ఒక్క విషయానికే.

పోయిన నెలలో మా యూకేజీ బాబు ఒకడు చెంపకి ప్లాస్టరుతో బడికి వచ్చాడు. కంటికి అంగుళం కింద రెండు పంటిగాట్లు. వీధికుక్క కరిచిందేమో అనుకున్నాను. కాదు, వాళ్లింటి కుక్కే. బాబు పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పెరుగుతోంది. ఆ రోజు అది మంచం కింద నిద్రపోతోంది. బంతి దొర్లి అటు వెళ్లింది. వీడు బోర్లా పాక్కుంటూ వెళ్లి చెయ్యి చాపాడు. అంతే. వాళ్లమ్మ వంటింట్లో దోసె తిరగేస్తోంది, పట్టుమని పది అడుగుల దూరం లేదు. "మాది ఏమీ అనదు మేడం, వీడు మీదెక్కి కూర్చున్నా ఊరుకుంటుంది" అని నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నలుగురికీ పనికొస్తుందంటే రాయండి అని ఆవిడే చెప్పింది, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు నుంచీ "ఊరుకుంటుంది" అన్న మాట నన్ను వదలడం లేదు. కుక్క ఊరుకుంటోందంటే దానికి నచ్చిందని కాదు, ఓర్చుకుంటోందని. ఓర్పు ఎక్కడ తెగుతుందో అది ముందుగానే చెబుతుంది, కాకపోతే నోటితో కాదు. నిద్ర వేళ కాకపోయినా ఆవలిస్తుంది. తిండి ఎదురుగా లేకపోయినా మూతి నాక్కుంటుంది. మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. ఓరగా చూసేసరికి కంట్లో తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఒళ్లంతా బిగదీసుకుని కదలకుండా ఉండిపోతుంది. ఈ ఆఖరిది కనిపిస్తే క్షణం కూడా ఆగకండి, బిడ్డను ఎత్తుకుని పక్కకి వచ్చేయండి. తోక ఊపుతోంది కదా అనుకోకండి. ఒళ్లు బిగబట్టి తోక ఊపే కుక్క సంతోషంగా లేదు.

మీ ఫోనులో బిడ్డ కుక్క మెడ చుట్టూ చేతులు వేసి దిగిన ఫొటోలు ఉండే ఉంటాయి. ఒకసారి తెరవండి. ఈసారి బిడ్డ మొహం కాదు, కుక్క మొహం చూడండి. చెవులు వెనక్కి పెట్టి మొహం అటు తిప్పుకుని ఉంటే, ఆ ఫొటో మళ్లీ తియ్యొద్దని నా మనవి. మనుషుల్లో కౌగిలింత ప్రేమ. కుక్కకి మాత్రం మెడ చుట్టూ పడిన చేతులు కదలనివ్వని పట్టు. పైగా మూడు నాలుగేళ్ల పిల్లల మొహం ఇంచుమించు కుక్క మూతి ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లకి చేతికో కాలికో తగిలే కాటు చిన్నపిల్లలకి మొహం మీదా మెడ మీదా పడేది అందుకే.

ఇంకొకటి చాలా ఇళ్లలో చూశాను. కుక్క బిడ్డ మీద గుర్రుమనగానే వీపు మీద ఒకటి వేస్తారు. దయచేసి కొట్టకండి. ఆ గుర్రు మనకి అది ఇచ్చే ఆఖరి హెచ్చరిక. దెబ్బలకి భయపడి ఆ చప్పుడు మానేసిన కుక్క, తర్వాత చప్పుడు లేకుండానే కరుస్తుంది. గుర్రుమంటే ముందు బిడ్డను తీసుకోండి. అది తింటోందా, పడుకుందా, పిల్లల్ని పెట్టిందా, ఎక్కడైనా నొప్పితో ఉందా అని తర్వాత నిదానంగా చూడండి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు, తన కూనలతో ఉన్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని బిడ్డకి రోజూ చెప్పాల్సిందే. కానీ అయిదేళ్ల లోపు పిల్లలు చెప్పింది గుర్తుపెట్టుకుంటారని నమ్మి వదిలేయొద్దు. కుక్కా బిడ్డా ఒకే గదిలో ఉంటే పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి. వంట ఉందంటే మధ్యలో తలుపు వేసేయండి. దువ్వే ముందు బిడ్డ కుక్క దగ్గరికి వెళ్లడం కాదు, కుక్కే బిడ్డ దగ్గరికి రావాలి. కాసేపు దువ్వాక చెయ్యి తీసి మూడు లెక్కపెట్టించండి. అది మళ్లీ దగ్గరికి జరిగితే సరే, లేదంటే ఆ రోజుకి చాలు.

సెలవుల్లో చాలామంది అమ్మమ్మగారి ఊరికో నానమ్మ దగ్గరికో వెళతారు. అక్కడ పశువుల పాక దగ్గర కట్టేసి ఉండే కుక్కకి మీ బిడ్డ కొత్తమనిషి. పోయిన సంక్రాంతికి చూసిందిగా అనుకోవద్దు. గొలుసుతో ఉన్న కుక్కకి భయం వేస్తే పారిపోయే దారి లేదు, ఇక మిగిలింది కరవడమే. గొలుసు ఎంతవరకు సాగుతుందో చూసి, దానికి బాగా అవతలే ఆడుకోనివ్వండి.

ఎంత జాగ్రత్తపడ్డా పన్ను తగిలితే, గోరు గీరుకుపోయినా సరే, ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన కుక్కకి టీకా వేయించాం కదా అని ఆగొద్దు, ఆ కార్డు తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. మా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటే పెద్దవాళ్లు కూడా వణికిపోయేవారు. ఆ మందు ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. చర్మం తెగి రక్తం వచ్చిందంటే గాయంలోనూ గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే టీకా పని మొదలుపెట్టేదాకా కాపాడే మందు, కూడా వేయాలి. అది చిన్న కేంద్రాల్లో లేకపోతే పెద్దాసుపత్రికి పంపమని అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. అందుకే ఇంట్లో ఎవరూ "నువ్వే గెలికి ఉంటావు" అని బిడ్డను తిట్టకండి. తిడతారని దాచిపెట్టిన గీతే నాకు అన్నిటికన్నా భయం.

కుక్కకి మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, 1895లో లూయీ పాశ్చర్ కన్నుమూసిన రోజు. ఆ రోజుల్లో చాలా పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తారు, మీ దగ్గర ఎప్పుడో కనుక్కోండి.

ఈ వారం ఎల్కేజీ నుంచి రెండో తరగతి దాకా "చెట్టులా నిలబడు" ఆట ఆడిస్తున్నాం. కుక్క మీదికి వస్తే పరిగెత్తకుండా, అరవకుండా, చేతులు ముడుచుకుని, పాదాల వైపు చూస్తూ నిలబడడం. ఇంట్లో చేసి చూపించమనండి.

సెలవుల్లో ఎవరికైనా కాటు పడి టీకాలు మొదలుపెడితే, మొదటి డోసు రోజును సున్నాగా లెక్కపెట్టి చర్మంలోకి వేసే పద్ధతిలో 3, 7, 28వ రోజుల్లో మిగతావి వేస్తారు. కండకి వేసే పద్ధతిలో 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. ఆఖరి డోసు బడి తెరిచాకే పడుతుంది. గాయం మానిపోయింది కదా అని చాలామంది ఎగ్గొట్టేది ఆ ఒక్కటే. ఆ తేదీలు క్లాసు టీచరుకి రాసివ్వండి. ఆ రోజు సెలవు చీటీ అక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం. ముందు రోజు సాయంత్రం నేనే మీకు ఫోను చేసి గుర్తుచేస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు