కథ చెప్పి కవితను వదిలేస్తే ఎలా?

గ్రీకు పురాణగాథలపై అల్లిన ఆధునిక కవిత్వాన్ని పరిచయం చేసే వ్యాసాలు, మీ సాహిత్య పుటలో ఇటీవల వచ్చిన వ్యాసంతో సహా, కథను చెప్పి కవితను వదిలేస్తున్నాయి. 2020లో నోబెల్ బహుమతి పొందిన అమెరికా కవయిత్రి లూయీస్ గ్లిక్ గురించిన ఆ వ్యాసంలో సగానికి పైగా పెర్సెఫొనీ కథే ఆక్రమించింది. ఏడాదిలో కొంతకాలం భూమ్మీద తల్లి డిమీటర్ దగ్గర, కొంతకాలం పాతాళంలో భర్త హేడీస్ దగ్గర గడిపే ఆ కూతురి కథ ఏ విజ్ఞాన సర్వస్వంలోనైనా దొరుకుతుంది. 2006 నాటి ‘అవెర్నో’ సంపుటిలో గ్లిక్ ఆమె మీద ఒకే శీర్షికతో రెండు కవితలు ఎందుకు రాశారన్నది మాత్రం అక్కడ దొరకదు. మొదటి కవితలో ఈ పాత్రలు మనుషులు కారని, ఒక సంఘర్షణకు వేర్వేరు ముఖాలని సూటిగా చెప్పి, స్వర్గం, భూమి, నరకం అనే మూడంతస్తుల పక్కన ఇడ్ (సహజ వాంఛలు), ఈగో (నేను అనే స్పృహ), సూపర్ ఈగో (నీతిని గుర్తుచేసే అంతరాత్మ) అని మూడుగా చీలిన మనసును నిలబెడతారు. పెర్సెఫొనీని హేడీస్ బలవంతంగా పాతాళానికి ఎత్తుకుపోయాడా, ఆమె కూడా సమ్మతించిందా అన్న ప్రశ్నను మాత్రం తేల్చరు. ఆ తేల్చకపోవడంలోనే కవిత ఉంది, ఎందుకంటే తల్లి ఇంటికీ తన కోరికకూ మధ్య చీలిన మనిషి తన గురించి తానే ఒక్క మాట మీద నిలవలేదు. ఇకమీదట ఇలాంటి పరిచయాల్లో కథను నాలుగు వాక్యాల్లో ముగించి, కనీసం ఒక కవితనైనా పూర్తిగా అనువదించి, అనుమతి దొరకని పక్షంలో దాని నడకను చరణం వెంట చరణంగా వివరించి ప్రచురించాలి. దేవతల వంశవృక్షాలకు ఇస్తున్న స్థలం అందుకు సరిపోతుంది.