వారానికి రెండు గంటలు: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

మానసిక జబ్బు ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునే కుటుంబాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా అన్నకు స్కిజోఫ్రీనియా. డిగ్రీ చదివే రోజుల్లో మొదలైంది, ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి. అమ్మ ఉన్నన్నాళ్ళు అమ్మ చూసుకుంది, ఆమె పోయాక నేను చూసుకుంటున్నాను. నేను అడగబోయేది కొత్త ఆస్పత్రి కాదు, కొత్త పింఛనూ కాదు. మాలాంటి వాళ్ళం వారానికి ఒక పూట, రెండు గంటలు, ఒకచోట చేరి నాలుగు విషయాలు నేర్చుకోవడానికి, పాడుకోవడానికి, ఊరికే కూర్చోవడానికి ఒక హాలు కావాలి. ఆ రెండు గంటలూ మా మనిషిని చూసుకోవడానికి ఇంకొక మనిషి కావాలి. ఈ రెండోదే అసలు కోరిక. అది లేకుండా మొదటిది ఇచ్చినా మాలో సగం మంది రాలేరు.

తిరుపతిలో మంచి కార్యక్రమాలకు కొదవ లేదు. మహతి ఆడిటోరియంలో కచేరీలు, అన్నమాచార్య కళామందిరంలో హరికథలు, పార్కుల్లో యోగా. అక్టోబరు 10 వస్తే ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అని బ్యానర్లు కడతారు, ఉపన్యాసాలు చెబుతారు. టెన్షన్ పెట్టుకోవద్దనీ, మన కోసం మనం కొంచెం టైం తీసుకోవాలనీ వాళ్ళు చెప్పేది నిజమే. కానీ ఆ మాట వినడానికైనా ఇల్లు కదలాలి కదా. అన్నను ఒంటరిగా వదిలి వెళితే పొయ్యి వెలిగిస్తాడేమో, తలుపు తీసుకుని వెళ్ళిపోతాడేమో అని ప్రాణం ఇంటి దగ్గరే ఉంటుంది. వెంట తీసుకుపోతే ఆ రద్దీలో, మైకు చప్పుడులో ఆయనకే కష్టం. దగ్గరి చుట్టాల పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే తిరిగొచ్చేసే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పిలిచిన వాళ్ళు అది పొగరనుకుంటారు.

ఫోన్ సాయం ఉంది. మానసిక ఇబ్బందుల్లో సలహా చెప్పే టెలీ మానస్ నంబరు 14416ను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలైనా రాత్రయినా చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి సచివాలయం గోడ మీదా ఉండాలని నా కోరిక. అయితే ఒకే గది ఉన్న ఇంట్లో, ఎవరి గురించి చెప్పాలో ఆయన పక్కనే పడుకుని ఉంటే, ఆ ఫోన్ ఎక్కడ నిలబడి చేయాలి? రాత్రి మిద్దె మీదికెక్కి గొంతు తగ్గించి మాట్లాడే తల్లులు ఉన్నారు. పక్కింటి వాళ్ళు వింటారని భయం. విన్నారంటే చెల్లెలి సంబంధం చెడుతుందని ఇంకో భయం.

మేము ఒకరినొకరం కలుసుకునేది ఆస్పత్రి ఓపీ దగ్గర మాత్రమే. టోకెన్ తీసుకుని కూర్చున్నాక మాటలు మొదలవుతాయి. కొడుకును తీసుకొచ్చిన ఏర్పేడు వైపు రైతు, భార్యకు బైపోలార్ (మనసు ఒకసారి పొంగి, ఒకసారి కుంగే జబ్బు) ఉన్న ఆటో డ్రైవరు, మతిమరుపు జబ్బు వచ్చిన అత్తను చూసుకునే కోడలు, ఆటిజం ఉన్న పిల్లవాడి తల్లి. మాత్రలు ఉమ్మేస్తుంటే ఏం చేయాలి, వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం స్లాటు ఎప్పుడు తెరుస్తారు, నిద్ర పట్టకపోతే ఏ మాత్ర ముందు వేయాలని డాక్టరు చెప్పారు, రాత్రిపూట లేచి తిరుగుతుంటే తలుపుకు గొళ్ళెం ఎక్కడ పెట్టుకోవాలి. ఇవన్నీ అక్కడే ఒకరికొకరం చెప్పుకుంటాం. ఒకసారి ఆ కోడలు అంది: "అక్కా, మా ఇంట్లో ఎవరూ నన్ను తిన్నావా అని అడగరు. ఇక్కడికొస్తే మీరు అడుగుతారు." అంతలో లోపలి నుంచి పేరు పిలుస్తారు. మాట సగంలో ఆగిపోతుంది, మళ్ళీ నెల దాకా కలవం. ఆ వరండాలో జరిగేది సగం పాఠశాలే. దానికి ఒక గది, ఒక వేళ, చెప్పడానికి తగిన మనుషులు కావాలి.

ఇలాంటివి వేరే చోట్ల నడుస్తున్నాయి. ఇంగ్లండులో 2009లో నైరుతి లండన్‌లో రికవరీ కాలేజీ అని ఒకటి మొదలైంది, తర్వాత ఆ దేశమంతా అలాంటివి వచ్చాయి. అక్కడికి వచ్చేవాళ్ళను పేషెంటు అనరు, విద్యార్థి అంటారు. జబ్బు ఉన్నవాళ్ళతో పాటు చూసుకునేవాళ్ళు కూడా చేరొచ్చు. పాఠం చెప్పేది ఇద్దరు కలిసి: ఒకరు వైద్యం తెలిసినవారు, ఇంకొకరు ఆ జబ్బును అనుభవించినవారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ జత. గోవాలో సంగత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారితో కొన్ని వారాల పాటు మాట్లాడించింది. దాని వల్ల మేలు జరిగిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. కేరళలో మంచం పట్టిన మనిషిని చూసుకునే ఇంటివారికి ఆశ్వాసకిరణం పేరుతో నెలనెలా కొంత సొమ్ము ఇస్తున్నారు.

అంత దూరం కూడా పోనక్కరలేదు. చిత్తూరు దాటితే వేలూరు. అక్కడ సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రి వాళ్ళ బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రంలో 1950ల నుంచీ రోగితో పాటు ఇంటి మనిషిని కూడా ఉండనిస్తారు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఎన్ని కుటుంబాలు అక్కడికి వెళ్ళి వస్తాయో బస్టాండులో నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడున్నన్నాళ్ళు ఎలా మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలి అన్నీ నేర్పిస్తారు. ఇంటికొచ్చాక ఆ నేర్పు నిలబెట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

ఇది మా సుఖం కోసం అడుగుతున్న కోరికగా మీరు చూడకూడదని నా మనవి. ఇంట్లో విసుగు, అరుపులు, దెప్పిపొడుపులు ఎక్కువగా ఉంటే స్కిజోఫ్రీనియా తిరగబెట్టే అవకాశం ఎక్కువని 1970ల నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. ఇంటివారికి జబ్బు గురించి నేర్పితే తిరగబెట్టడం తగ్గుతుందని కూడా అవే చెబుతున్నాయి. రాత్రంతా నిద్ర లేని మనిషి పొద్దున్నే ఓర్పుగా ఎలా మాట్లాడగలదు? మాకు దొరికే రెండు గంటల విశ్రాంతి మా మనిషికి మందుతో సమానం.

చట్టం కూడా మా పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 18వ సెక్షను ప్రభుత్వాలు ఏర్పాటు చేయాల్సిన సేవలను చెబుతూ, కుటుంబానికి అండగా ఉండే సేవలను కూడా అందులో చేర్చింది. 19వ సెక్షను జబ్బు ఉన్న మనిషికి సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, జీతం లేకుండా చూసుకునే తల్లిదండ్రులనూ ఇంటివారినీ సంరక్షకులుగా గుర్తించింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచి ఉంది. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మాకు మాత్రం ఇవి కాగితం మీద నుంచి మా వీధిలోకి రావాలి.

ఇక ఎలా ఉండాలన్నది. తిరుపతి నగరంలో ఒకటి, శ్రీకాళహస్తిలో ఒకటి, చంద్రగిరిలో ఒకటి మొదలుపెడితే చాలు. కొత్త భవనం వద్దు. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే మున్సిపల్ కమ్యూనిటీ హాళ్ళు, మండల సమావేశ మందిరాలు ఉన్నాయి. రోజు బుధవారం అయితే మంచిది, వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. శని, ఆదివారాలు మాత్రం వద్దు, ఆ రోజుల్లో యాత్రికులతో బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి మాలో చాలామందికి దారి ఖర్చు ఉండదు. కొడుకును తీసుకొచ్చే తండ్రులకు ఆ చార్జీ ఇప్పించాలి.

హాలుకు రెండు గదులు ఉండాలి. ఒక గదిలో మేము, పక్క గదిలో మా వాళ్ళు. వాళ్ళను ఊరికే కూర్చోబెట్టకూడదు. మన సీమలో కోలాటం, చెక్కభజన రాని ఊరు లేదు. టీటీడీ దాస సాహిత్య ప్రాజెక్టు పిలుపు మీద, పాడుతూ తిరుమల మెట్లెక్కే మెట్లోత్సవానికి వచ్చే భజన బృందాలను చూడండి, ఆ పాటలో, ఆ అడుగులో ఎవరూ ఎవరినీ పరీక్షగా చూడరు. అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటే మా అన్న చరణం కూడా మరిచిపోకుండా పాడతాడు, ఆ కాసేపు ఆయన ముఖం వేరుగా ఉంటుంది. బొమ్మలు గీయడం, పూలు కట్టడం, కుండీల్లో మొక్కలు పెట్టడం ఏదైనా పర్వాలేదు. రోజూ చేతికి ఒక పని ఉండటం ఎంత అవసరమో డాక్టర్లే మాకు చెబుతుంటారు.

అక్కడ వాళ్ళతో ఉండటానికి నర్సింగ్ చదివే పిల్లలు, ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రం, సోషల్ వర్క్ చదివే పిల్లలు రావచ్చు. వాళ్ళకు అది చదువులో భాగంగా లెక్కలోకి రావాలి, పైన బాధ్యత తెలిసిన ఒక ఉద్యోగి ఉండాలి. ఇల్లు కదలలేని మనిషి ఉన్నచోటికి, శిక్షణ తీసుకున్న ఆశా కార్యకర్తో డ్వాక్రా మహిళో ఆ రెండు గంటలు ఇంటికే వచ్చి కూర్చోవాలి. ఆమెకు దానికి డబ్బు ఇవ్వాలి. ఆశాలకు ఇప్పటికే చేతినిండా పని ఉంది, సేవ పేరుతో ఇంకొక బరువు మోపడం న్యాయం కాదు. మాలో అనుభవం ఉన్నవాళ్ళు పాఠం చెబితే వాళ్ళకు కూడా గౌరవ వేతనం ఉండాలి.

మా గదిలో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. జబ్బు అంటే ఏమిటి, మాత్ర మానేస్తే ఏమవుతుంది, బరువు పెరుగుతుంటే ఏం చేయాలి. కోపం వచ్చినప్పుడు ఎదురు నిలబడాలా, పక్కకు తప్పుకోవాలా. చనిపోతానని అంటే దాన్ని ఎలా తీసుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి. ఒక తరగతి మొత్తం కాగితాలకే కావాలి. సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ, ఎన్టీఆర్ భరోసాలో వికలాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000. ఎవరు దేనికి అర్హులో తెలియక తిరిగేవాళ్ళు ఎంతోమంది. 2017 చట్టం ప్రకారం, తన తరఫున నిర్ణయాలకు అండగా ఉండే ప్రతినిధిని జబ్బు ఉన్న మనిషే ముందుగా రాసి పెట్టుకోవచ్చని నేను ఓపీలో ఎంతమందికి చెప్పినా అందరూ కొత్తగా వింటున్నట్టే చూస్తారు.

ఇంకొక తరగతి ఉంది, అది అందరికీ కష్టమైనది. మేము పోయాక వీళ్ళను ఎవరు చూస్తారు? మా అమ్మ ఆఖరి రోజుల్లో తన నొప్పి గురించి మాట్లాడలేదు, అన్నకు మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో చెబుతూ ఉండింది. డెబ్బై ఏళ్ళ తండ్రి నలభై ఏళ్ళ కొడుక్కి గడ్డం గీస్తూ ఇదే ఆలోచిస్తుంటాడు. ఒంటరిగా ఆలోచిస్తే ఈ ప్రశ్న మనిషిని తినేస్తుంది. చట్టం తెలిసినవాళ్ళు, బ్యాంకు తెలిసినవాళ్ళు, ఇదే భయం ఉన్న పది కుటుంబాలు ఒకచోట కూర్చుంటే ఆస్తి ఎలా రాయాలి, ఎవరిని బాధ్యుడిగా పెట్టాలి, ఏ హోమ్ మంచిది అని కనీసం మాట మొదలవుతుంది. మన బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో ఎక్కడి నుంచో వచ్చి, ఎవరూ లేక తిరిగే మానసిక రోగులను చూసిన ప్రతిసారీ మాలాంటి వాళ్ళ గుండె ఆగినంత పని అవుతుంది.

పాటలు, పనులు అన్ని రకాల జబ్బుల వారికీ కలిపి పెట్టవచ్చు. పాఠాలు మాత్రం వేరుగా ఉండాలి. ఆటిజం పిల్లవాడి తల్లికి, మతిమరుపు అత్తగారిని చూసే కోడలికి కావాల్సినవి ఒకటి కావు. హాలు బయట పెద్ద బోర్డు మొదట్లో వద్దు. లోపలికి అడుగుపెట్టేవాళ్ళను వీధంతా చూస్తే, రెండోవారం సగం మంది రారు. ఫోటోలు, పేపర్ వార్తలు కూడా వద్దని మరీ మరీ వేడుకుంటున్నాను. వచ్చినవారి ధైర్యం పెరిగాక బోర్డు వాళ్ళే పెట్టుకుంటారు.

ప్రారంభోత్సవం చేసి మూడు నెలల్లో తాళం పడే కార్యక్రమం అయితే అసలు మొదలుపెట్టవద్దు. నమ్మి బయటికొచ్చిన కుటుంబం ఒకసారి ఆశ చెదిరితే మళ్ళీ గడప దాటదు. కనీసం ఒక ఏడాది, మీరు బదిలీ అయినా ఆగకుండా నడిచేలా ఉత్తర్వు ఇచ్చి, బాధ్యత ఒక అధికారి పేరు మీద రాయాలి.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వవచ్చని నాకు తెలుసు. కానీ ఆ వరుసలో మాట్లాడటానికి దొరికేది రెండు నిమిషాలు, పైగా వెనుక నిలబడ్డవాళ్ళందరూ వింటుంటారు. అందుకే ఇలా బహిరంగంగా రాశాను, నా ఇంటి సంగతి చెప్పడానికి నేను సిగ్గుపడటం మానేశాను కాబట్టి రాయగలిగాను. మీరు ఒక రోజు, ఒక గంట, తలుపులు మూసిన గదిలో మాకు సమయం ఇవ్వండి. మానసిక వైద్యులను, జిల్లా వైద్య ఆరోగ్య అధికారిని, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వారిని కూడా అక్కడికి పిలవండి. నేను ఏడెనిమిది కుటుంబాలను తీసుకొస్తాను. ఏ హాలు, ఏ రోజు, ఎవరు కూర్చుంటారు అనే మూడు విషయాలు అక్కడే తేలిపోవాలని మా కోరిక. ఆ గంట సేపు మా వాళ్ళ దగ్గర ఉండటానికి ఇద్దరు మనుషులను కూడా దయచేసి ఏర్పాటు చేయించండి.

ఇట్లు,
మానసిక జబ్బు ఉన్న అన్నను చూసుకుంటున్న ఒక చెల్లెలు,
కొర్లగుంట, తిరుపతి